పదిహేడో బిళ్ళ

వదిలేసి వెళ్ళిన చోటే ఉంది భువన. వారం కిందట ఆమెను క్యాంటీన్లో, ఫ్యాను కింద మూడో బల్ల దగ్గర కూర్చోబెట్టి మన దారిన మనం పోయాం. మనకది వారం, ఆమెకు రెండు నిమిషాలు. ముందున్న ప్లేట్లో 'మీ గోరెంగ్' అనే మలయ్ నూడుల్స్ మీద ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది. ఆమె ఇంకా దాన్ని చూస్తూనే ఉంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. భువన కడప పిల్ల. సింగపూర్లో ఒక పరిశోధన సంస్థలో బిళ్ళలు చేస్తుంది. మందుబిళ్ళలు కావు. లాంథనం, బేరియం, రాగి పొడులు కలిపి కల్వంలో నూరి, బిళ్ళగా అదిమి, కొలిమిలో కాలుస్తుంది. ఆ కొలిమి ముందు క్షణం ఎక్కువ నిలబడితే కనుబొమ్మలు వేగి మినపవడల వాసన వస్తుంది. కాల్చిన బిళ్ళను తర్వాత చల్లబరుస్తుంది. ఆ చలికి నోట్లోంచి వచ్చిన మాట గడ్డకట్టి కిందపడి పెంకులవుతుంది. అంత చలిలో ఎక్కడో ఒకచోట బిళ్ళ మొండితనం మానేస్తుంది. కరెంటు దాంట్లోంచి ఏ అడ్డూ లేకుండా, చుక్క వేడి పుట్టకుండా జారిపోతుంది. అతివాహకత అంటారు దాన్ని. ఎంత తక్కువ చలికి ఆ పని జరిగితే అంత గొప్ప.

చలికి ఒక అట్టడుగు ఉంది. అక్కణ్ణుంచి లెక్కేస్తే ఈ సరుకు నాలుగు డిగ్రీల దగ్గర గానీ దారికి రాదు. భువన చేసిన పదిహేడో బిళ్ళ పదకొండు దగ్గరే వచ్చేసింది. ప్రొఫెసర్ కృష్ణమూర్తి గారు ఎగిరి గంతేసి, ఇంత శుభ్రమైన బిళ్ళ భూమ్మీద ఎవరూ చేయలేదనీ, శుభ్రతే దాని రహస్యమనీ పేపరు రాశారు. మళ్ళీ చేసి చూపించమంది లోకం. పద్దెనిమిది నుంచి యాభై ఎనిమిది దాకా నలభై ఒక్క బిళ్ళలు చేసింది భువన. ఒక్కటీ నాలుగు దాటలేదు. అంకెలు వండారేమోనన్న మాట పుట్టింది. ఈరోజు సాయంత్రం నాలుగింటికి విచారణ. పదిహేడు ఎలా వచ్చిందో చెప్పలేకపోతే ఆమె పేరు మీద పడే ముద్ర ఏ దేశపు ల్యాబు గుమ్మం దగ్గరైనా ఆమెకంటే ముందే వెళ్ళి నిలబడుతుంది.

ఇప్పుడు టైము ఒకటిన్నర.

ఆమెకు భయం వేయడం లేదు. అదే వింత. ముప్పయ్యో బిళ్ళ దాకా ఏడ్చింది. నలభై దాకా నిద్ర పట్టలేదు. ఆ తర్వాత లోపల ఎవరో మెయిన్ ఆపేసినట్టు అన్నీ ఆగిపోయాయి. శుభ్రత కోసం గాజులు తీసేసింది, తలకు నూనె మానేసింది, ఒకదాని మీద ఒకటి మూడు గ్లౌజులు తొడిగింది. బట్టలకు పొగ అంటుతుందని సెరంగూన్లో అద్దెకుంటున్న ఇంట్లో తాలింపు కూడా మానేసింది. ఇంటి ఆంటీ పథ్యం అనుకుని జాలిపడి ఇడ్లీలు పెట్టింది. తిన్నది. ఇడ్లీయో పేపరో తెలియలేదు.

ఇందాక ప్లేటు జరుపుకుంటుంటే సాంబల్ ముద్దలో చూపుడు వేలు మునిగింది. సామాన్యమైన కారమా అది! చీమ అటుగా నడిస్తే కాళ్ళు చేతపట్టుకుని పరిగెత్తాలి. భువన వేలు తుడుచుకుంది. ఏమీ తెలియలేదు.

అప్పుడు వచ్చాడు దానయ్య, రెండు చేతుల్లో రెండు కప్పుల కోపీతో, అంటే ఇక్కడి కాఫీతో. పోయిన వారం మనం ఆగింది ఇక్కడే.

"కూకోవొచ్చేటమ్మా?" అని, ఎదుటి కుర్చీ ముందు భువన చోప్ చేసి, అంటే సీటు పట్టినట్టు గుర్తుగా, పెట్టుకున్న టిష్యూ ప్యాకెట్టును రెండు వేళ్ళతో భక్తిగా పక్కకు జరిపాడు.

దానయ్యది శ్రీకాకుళం వైపు. జురాంగ్ ఐలాండ్లో పద్దెనిమిదేళ్ళు ఫర్నేసులు చూశాడు. నాలుగేళ్ళుగా ఈ ల్యాబులో కొలిమి ఆయన చేతుల్లో ఉంది. క్రాంజీలో డార్మిటరీ. మనిషి బంగారం. నోరు తెరిస్తే మాత్రం నమ్మబుద్ధి కాదు. ఐలాండ్లో గ్యాసు పైపు పగిలితే నోట్లో చూయింగ్ గమ్ తీసి అతికించి మూడు వేలమందిని కాపాడానంటాడు. చూయింగ్ గమ్ అమ్మని దేశంలో నీకెక్కడిది అంకుల్ అంటే, అందుకే కదా పైకి చెప్పుకోలేదు అంటాడు.

ఆయనకు ఇంకో అలవాటుంది. వట్టి సంతకం పెట్టి ఊరుకోడు. పక్కనే తెలుగులో ఒక ముక్క రాస్తాడు. కొలిమి రిజిస్టరు నిండా అవే. 'దానయ్య. కొలిమి సల్లగ ఉన్నాది.' 'దానయ్య. తలుపు నానే ఏసేను.' ఇంగ్లీషు అచ్చుకింద సంతకం పెట్టమంటే ఆ పైన ఏముందో నాకేటి తెలుసు, నాకు తెలిసింది నేను రాసుకుంటాను అంటాడు. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతట. ల్యాబులో ఆ ముక్కలు చదవగలిగేది భువన ఒక్కతే.

"తాగమ్మా. సక్కెర తక్కువెయ్యమన్నాను."

భువన తాగింది.

"పాపా, నానొక మాట సెప్తాను. నువ్వు నమ్మవు."

"నువ్వు చెప్పేవి నేనెప్పుడు నమ్మినాను అంకుల్?"

"అదేనమ్మా నా కర్మ," అన్నాడు దానయ్య. ఈసారి నవ్వలేదు. "దసరా గుర్తున్నాదా? కొలిమికి పూజ సేసుకుంటానంటే సేఫ్టీ వోళ్ళు కుదరదన్నారు. సరే, అది మిషను, ఆళ్ళ సొమ్ము. ఊరుకున్నాను. మరి రోలుకి?"

"ఏ రోలు?"

"నువ్వు పొడి నూరుతావు సూడు, ఆ రాతి రోలు. మా ఇంట్లో బొట్టెట్టకుండా రోట్లో పసుపుకొమ్ము కూడా ఎయ్యరమ్మా. పెళ్ళికైనా, పచ్చడికైనా. నువ్వేమో ఏడాదంతా నూరుతున్నావు. పాపం దానికొక బొట్టు లేదు, కాటిక లేదు, బోసిగా ఉండిపోనాది. నాకు మనసొప్పలేదు."

భువన కప్పు కింద పెట్టింది. "ఎక్కడ పెట్టినావు?"

"లోపలంచుకి. పైనైతే కనిపించీద్దని. సాయంత్రానికి టిష్యూతో తుడిసీసేను." కప్పు అంచును బొటనవేలితో తుడిచాడు. "తుడిసీసేననుకున్నాను. మర్నాడు నువ్వు నూరినావు. ఆ బిళ్ళే పలికింది."

"పదిహేడా?"

"పదేడే. దేవుడి దయనుకున్నాను. అందరూ కేకు కోసుకుంటుంటే నానెల్లి మద్దిలో ఏటని సెప్తాను? తరవాత నువ్వేమో ఇంకా సుబ్బరం కావాలని కొత్త రోలు తెప్పించీసినావు. దానికి గాజు పెట్టె, తాళం. బొట్టెట్టడానికి సందు దొరకలేదు."

లోపల ఎక్కడో చాలా దూరంలో ఏదో కదిలినట్టుంది భువనకు. అయితే అది పక్కింట్లో కుర్చీ జరిపిన చప్పుడంత దూరంలో ఉంది. "ఏం కుంకుమ అది?"

"కొన్నది కాదమ్మా. మా అప్ప సేసి పంపుతాది. పసుపు, నిమ్మరసం, సున్నం." చొక్కా జేబులోంచి చిన్న కుంకుమ బరిణె తీసి బల్ల మీద పెట్టాడు. ఇత్తడిది. మూత అరిగి నున్నగా ఉంది. "ఇదిగో. నీకే ఇచ్చీద్దామని తెచ్చేను. నువ్వేటీ దొంగ లెక్కలు రాయలేదని ఆళ్ళకి సూపించు. పొద్దుటే సారుకి కూడా సెప్పీసేను."

"కృష్ణమూర్తి సారుకా?"

"ఆయనకే. మంచోరమ్మా. తిడతారనుకున్నాను. కూకోబెట్టి, టీ ఇప్పించి, అంతా ఆయనే కాయితం మీద కొట్టించీసినారు. నానొక సంతకం ఎట్టేను."

ఆ కాగితంలో ఏం కొట్టించారని అడగాలి. మామూలు భువన అయితే అడిగేది. మొద్దుబారిన మనిషికి తోచేవి తక్కువ. ఆమె బుర్ర ఆ మాట దగ్గర ఆగకుండా సున్నం దగ్గరకు పోయింది.

పసుపు కొలిమిలో కాలి పొగైపోతుంది. నిమ్మరసం ఆనవాలుండదు. సున్నం పోదు. సున్నమంటే కాల్షియం. వెళ్ళి బేరియం కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. నల్లటి పొడిలో చిటికెడు ఎరుపు ఎవరికి కనిపిస్తుంది?

అంటే పదిహేడు శుభ్రమైనది కాదు. చేసిన యాభై ఎనిమిదింటిలో మురికిది అదొక్కటే.

కానీ మురికి పడితే పాడవ్వాలి కదా, బాగుపడడమేంటి?

ఆమె తల ఎత్తింది. ఎదురుగా చికెన్ రైస్ కొట్టు ముందు ఒక క్యూ, పక్కనే జ్యూస్ కొట్టు ముందు ఇంకో క్యూ. సింగపూర్లో క్యూ అంటే మాటలా! దారం పట్టి కొలిచినా వెంట్రుక తేడా రాదు. ఒకాయన అందులో నిలబడే పదవీ విరమణ చేశాడని దానయ్య ఒకసారి చెప్పాడు. ఆ రెండు క్యూలూ గోడ నుంచి గోడ దాకా సాగి, మధ్యలో దారి మూసేశాయి. పళ్ళేలు పట్టుకున్న పదిమంది బల్లల వైపు రాలేక అవతలే నిలిచిపోయారు. ఎవరూ ఎవరినీ తొయ్యరు, ఎవరూ కదలరు.

ఎంగిలి ప్లేట్లు తీసే ఆంటీ తోపుడుబండి వేసుకుని, ఎవరినీ అడక్కుండా, రెండు వరసల నడుమ నుంచి సూటిగా పోయింది. వరస చెదిరింది. మనుషులు అటొకరు ఇటొకరు జరిగారు. ఆ సందుల్లోంచి పళ్ళేలవాళ్ళు జలజలా వచ్చేశారు.

భువన అలాగే చూస్తూ ఉండిపోయింది.

"అంకుల్, రాగి పరమాణువు ఒక ఫ్లాట్ అనుకో. ఫ్లాటుకు ఒక ఎలక్ట్రాన్. ఇంకొకటి లోపలికొస్తే దానికి అస్సలు పడదు. అంత పంతం వాటికి."

"మా క్రాంజీలో రూముకి పన్నెండుమందిమమ్మా. పడుతున్నాది కదా."

"మీరు మనుషులు. అవి కావు. ఒకదానికొకటి దూరం జరిగీ జరిగీ, చివరికి ఈ సరుకులో క్యూలు కట్టి నిలబడిపోతాయి. క్యూలో ఉన్నవి తాము కదలవు, ఇంకొకదాన్ని పోనీవు. కరెంటు సాగాలంటే జతలు కట్టి అన్నీ ఒక్కటిగా నడవాలి. మనం శుభ్రం చేసేకొద్దీ క్యూలు ఇంకా తిన్నగా అయినాయి. నేను నలభై ఒక్కసార్లు ఆ క్యూలనే దువ్వి దువ్వి పెట్టినా."

"మరి నా బొట్టు?"

"ఆ బండి ఆంటీ."

దానయ్య వెనక్కి తిరిగి ఆంటీని చూశాడు. ఆమె అప్పటికే ఇంకో వరసను చెదరగొడుతోంది. "మరి మురికి పడితే ఆ జతలు ఇడిపోవేటి?"

"విడిపోవాలనే పుస్తకాల్లో ఉంది. అయితే వీటికి ఒకదాంతో ఒకటికున్న పంతం ముందు చిటికెడు సున్నం లెక్కలోకి రాలేదేమో. తెలీదు అంకుల్. మళ్ళీ చేసి చూడాలి."

ఎనిమిది నెలలుగా వెతుకుతున్నది దొరికింది. సంతోషించాల్సిన చోటు ఇదేనని ఆమెకు తెలుసు. దిగాల్సిన స్టాపు కిటికీలోంచి కనిపిస్తున్నా సీట్లోంచి లేవలేని ప్రయాణికురాలిలా ఆ చోటును చూస్తూ దాటిపోయింది. బరిణె తీసుకుని సంచిలో వేసుకుంది.

రెండింటికి ల్యాబుకు వెళ్ళేసరికి అక్షర ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇక్కడివాళ్ళలాగే మాట చివర ఉత్తినే 'లా', 'మే' తగిలిస్తుంది. పీహెచ్‌డీ మొదటి సంవత్సరం. ఏ సరుకులో ఏ మూలకం ఎంతుందో చెప్పే మిషను ఆమె చేతుల్లో ఉంటుంది.

"అక్షరా, పదిహేడులో సగం ముక్క మిగిలింది కదా. దాంట్లో కాల్షియం ఉందేమో చూడాలి. అర్జెంటు."

"అగైన్ ఆ?" అంది అక్షర. "ఆల్రెడీ చేశాం కదా అక్కా. లాస్ట్ నవంబర్. నేను జాయినైన ఫస్ట్ వీక్ లా."

"ఏం చేసినాం?"

"ఎలిమెంట్ టెస్ట్. నేనే రన్ చేశాను. సర్ సెడ్ ప్రింట్ ఇవ్వు, ఇచ్చాను. యూ నెవర్ సా మే?"

భువన చూడలేదు. అక్షర ఫైళ్ళ అల్మారాలో వెతికి ఒక పేజీ తీసింది. గ్రాఫు మీద లాంథనం శిఖరం, బేరియం శిఖరం, రాగి శిఖరం. వాటి పక్కన ఎవరూ పిలవకుండా పెళ్ళికొచ్చి నిలబడ్డ చుట్టంలా ఇంకో చిన్న శిఖరం, కాల్షియంది. దాని చుట్టూ నీలం ఇంకుతో సున్న. పక్కన ఇంగ్లీషులో రెండు మాటలు: 'దుమ్ము. వదిలేయండి.' కింద కృష్ణమూర్తి గారి పొట్టి సంతకం. నవంబరు తారీకు.

నవంబర్లో భువన పంతొమ్మిదో బిళ్ళ మీద ఉంది.

"అక్కా, యూ ఓకే?" అంది అక్షర. "మొహం అలా పెట్టావేంటి? ఏదైనా అను లా, భయమేస్తోంది."

"ఏమీ అనిపించట్లేదు అక్షరా," అంది భువన. నిజమే చెప్పింది.

కృష్ణమూర్తి గారి గదిలోకి ఆమె మూడుంబావుకు వెళ్ళింది. బయట వాన మొదలైంది. ఇక్కడ వాన ముందు చెప్పి రాదు, బిందె బోర్లించినట్టు ఒక్కసారే పడుతుంది. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళ తాతల కాలం నుంచి ఇక్కడే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం చదవడం రాదు. తమిళం, మలయ్ కలిసిపోయిన తెలుగు ఆయనది.

"వా మా, కూర్చో. మకాన్ అయిందా, తిన్నావా?"

ఆమె కూర్చోలేదు. పేజీ తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తీసేశారు. మళ్ళీ పెట్టుకున్నారు. బల్ల మీద ఒక పసుపు కవరు ఉంది. దాన్ని నెమ్మదిగా దగ్గరికి లాక్కుని మోచేయి కింద పెట్టుకున్నారు.

"అలమాక్, అయ్యయ్యో," అన్నారు మెల్లగా. "ఇది ఎక్కడ దొరికింది?"

"నలభై ఒక్క బిళ్ళలు సార్. ఎనిమిది నెలలు. మీకు తెలుసు."

"తెలియదు మా. కనిపించింది. కనిపించడం వేరే, తెలియడం వేరే."

"దుమ్మని రాసినారు."

"దుమ్మే అనుకున్నాను! ముప్పై ఏళ్ళుగా పిల్లలకి నేను చెప్పేది ఒకటే, శుభ్రం, శుభ్రం. ఈ జాతి సరుకుకి మురికి విషం అని నేనే పాఠం చెప్పాను. ఇప్పుడు విషం తాగి బాగుపడింది అంటే ఎవడు నమ్ముతాడు? నేను నమ్మలేదు. పేపరు అచ్చుకి పోయింది. పేరు వచ్చింది. ఇంక తరవాత..." చేత్తో గాలిలో ఏదో తుడిచారు. "సుడా. అయిపోయింది."

"నేను రోజూ మీ దగ్గరికొచ్చి ఇంకేం శుభ్రం చేయాలని అడిగినా సార్. తలస్నానం రోజుకు రెండుసార్లు చేయమన్నారు."

ఆయన కిటికీ వైపు తిరిగారు. వాన కిటికీని బాదుతోంది. భువన తనకు కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. బస్టాపులో నిలబడ్డట్టు కాసేపు ఓపిగ్గా నిలబడింది. రాలేదు.

"విను మా," అన్నారాయన చివరికి. "నాలుగింటికి వాళ్ళు అడుగుతారు. తెలియదు అను. చాలు. పదిహేడు ఎలా వచ్చిందో తెలియదు. సైన్సులో తెలియదు అనడం నేరం కాదు. ఆ పేజీ నాకు ఇచ్చేయి. దానయ్య సంగతి నేను చూసుకుంటాను."

"ఆయన సంగతేముంది?"

"ల్యాబులో ఏదో పొడి తెచ్చి పూసింది అతనే అని తేలితే వర్క్ పాస్ క్యాన్సిల్ అవదా? వారంలో ఫ్లైట్. ఇరవై రెండేళ్ళు ఇక్కడ ఉన్న మనిషి. పావం."

ఆ మాట మాత్రం నిజం. ఊళ్ళో ఇప్పుడు నన్ను గుర్తుపట్టేవాళ్ళకన్నా క్రాంజీ బస్సు డ్రైవర్లే ఎక్కువని దానయ్య అంటుంటాడు. ఆయన చెప్పే వాటిల్లో భువన నమ్మేది అదొక్కటే.

తలూపితే అయిపోతుంది. ఆమెలో ఇప్పుడు ఏ అడ్డూ లేదు. ఎవరేం చెప్పినా అలా లోపల్నుంచి జారి అవతలికి వెళ్ళిపోతోంది, వేడి పుట్టకుండా. సరే సార్ అన్న మాట నాలుక చివరికి దానంతటదే వచ్చి నిలబడింది.

అప్పుడు ఆమె సంచిలో బరిణె, తాళాలగుత్తి ఒకదానికొకటి తగిలి టింగుమన్నాయి.

భువన బల్ల మీద పేజీ తీసుకుంది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"భువనా."

ఆమె తలుపు దాకా వెళ్ళింది.

"భువనా, ఆలోచించుకో మా. నేను నీ మంచికే..." అంటున్నారు కృష్ణమూర్తి గారు. ఆయన చేయి మాత్రం పసుపు కవరు మీదే ఉంది.

నాలుగైంది. ఐదో అంతస్తులో మీటింగు గది. చల్లదనం ఎంతంటే భువన బిళ్ళను చల్లబరచడానికి హీలియంలో పెట్టక్కర్లేదు, ఇక్కడ బల్ల మీద పెడితే చాలు. ముగ్గురున్నారు. నడుమ అధ్యక్షురాలు, పొట్టి జుట్టు పెద్దావిడ. ఇటు ఒకాయన, అటు ఒకాయన. ముగ్గురూ మర్యాదగా లేచి కూర్చున్నారు. మాటలన్నీ ఇంగ్లీషులో.

"మీ పేపర్లో ఆ నమూనా అత్యంత శుభ్రమైనదని ఉంది," అన్నారు అధ్యక్షురాలు. "అది నిజమేనా?"

తెలియదు అనొచ్చు. ఒక్క మాట.

"కాదు," అంది భువన. "మేం చేసిన వాటన్నిట్లో మురికిది అదొక్కటే. అందుకే అది పనిచేసిందని నా నమ్మకం." సంచిలోంచి బరిణె తీసి బల్ల నడుమ పెట్టింది. మూత తీసింది. ఆ తెల్లటి గదిలో, తెల్లటి బల్ల మీద, అంత ఎరుపు ఎవరూ చూసి ఉండరు. "కల్వంలో ఇది కలిసింది. ఇందులో సున్నం ఉంది. నాకు ఈరోజే తెలిసింది. నాకు నాలుగు వారాలు ఇస్తే, కావాలని కొలిచి కలిపి, మీ ముందే మళ్ళీ చేస్తాను."

ముగ్గురూ బరిణెను చూడలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఈరోజే తెలిసిందన్నారా?" అన్నారు అధ్యక్షురాలు.

"అవును."

ఆవిడ ఫైల్లోంచి పసుపు కవరు తీశారు. కవర్లోంచి ఒక కాగితం. "పావుగంట కిందట మాకు ఇది అందింది. మీ ల్యాబు కొలిమి టెక్నీషియన్ వాంగ్మూలం. పోయిన అక్టోబర్లో మీరు చెప్పబట్టే, మీ సూచన ప్రకారమే ఆ ఎర్రపొడి తెచ్చి కల్వానికి పూశానని ఇందులో ఉంది. అంటే కలుషితమని తెలిసే మీరు దాన్ని శుభ్రమైన నమూనాగా చూపించారని." కాగితం మీద వేలు పెట్టి ఆగారు. "ఈ పెట్టె ఇప్పుడు మీరే తెచ్చి మా ముందు పెట్టారు."

బరిణె మూత తెరిచే ఉంది. పెట్టింది తనే.

"ఒక చిన్న ఇబ్బంది," అన్నారు కుడిపక్క ఆయన. "సంతకం మాకెవరికీ రాని లిపిలో ఉంది. ప్రొఫెసర్ గారిని అడిగితే తనకూ చదవడం రాదన్నారు. రికార్డులో పెట్టేముందు అది ఆ మనిషి పేరేనని తెలియాలి. మీరు చదవగలరు కదా?"

కాగితాన్ని ఆమె వైపు తిప్పి జరిపారు.

పైన ఇరవై వరసల ఇంగ్లీషు. అంత తిన్నటి వరసలు. చివర, కొలిమి కాపలా కాసిన ముతక వేళ్ళు పెన్నును నొక్కిపట్టి రాసిన ఆరు గుండ్రటి తెలుగు గీతలు. దానయ్య. అక్కడితో ఆగలేదు ఆయన. ఎప్పుడు ఆగాడు గనక! పేరు కింద, సంతకంలో భాగమే అనుకునేలా ఇరికించి, ఇంకో వరస ఉంది.

'బొట్టు నానే ఎట్టేను. పాపకి తెలవదు. అడిగి ఎట్టలేదు.'

ఈ గదిలో, ఈ అంతస్తులో, ఈ భవనం మొత్తంలో అది చదవగలిగిన మనిషి ఒక్కతే. చదివితే ఆమె పేరు కడిగినట్టవుతుంది. చదివితే దానయ్య వారంలో విమానంలో ఉంటాడు. పేరొక్కటే చదివి ఊరుకుంటే ఆయన ఆమె చెప్పిన పని చేసినవాడిగా తన కొలిమి దగ్గరుంటాడు, పైనున్న ఇరవై వరసలూ నిజమైపోతాయి.

అప్పుడు మండింది వేలు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు అంటిన కారం, రెండున్నర గంటలు నడిచి నడిచి ఇప్పుడు చేరింది. చూపుడు వేలి కొస భగ్గుమంది. అక్కణ్ణుంచి మణికట్టుకు, మోచేతికి, భుజానికి పాకింది. నలభయ్యో బిళ్ళ తర్వాత ఆగిపోయినవన్నీ, భయం, ఏడుపు, కోపం, వంతు కోసం ఆగకుండా ఒకదాన్నొకటి తోసుకుంటూ కళ్ళలోకి వచ్చేశాయి. భువన ఆ వేలిని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"డాక్టర్ భువనా? అది ఆయన పేరేనా?"

"పేరే," అంది.

కుడిపక్క ఆయన పెన్ను తీసి రాసుకోబోయారు.

"కానీ పేరొక్కటే కాదు," అంది భువన.